మేనకోడళ్ళకి పుట్టినరోజుకి, క్రిస్మస్‌కి ఏం కొనాలి? షోకేసులోకి వెళ్ళనిది కొనండి

"మూడేళ్ళ పాప, ఏడేళ్ళ పాప, ఇద్దరు మేనకోడళ్ళు. పుట్టినరోజులకి, క్రిస్మస్‌కి ఏం ఇస్తే బాగుంటుంది? ఒక్కోదానికి వెయ్యి రూపాయలు దాటకూడదు" అని అడిగారు. నాకూ ఇద్దరు మేనకోడళ్ళే. మాది విజయనగరం, మా అక్కని ఇచ్చింది బొబ్బిలి. ఆ వైపు ఊళ్ళలో కెనడా బాప్టిస్టు మిషన్ వాళ్ళు 19వ శతాబ్దంలోనే చర్చిలు కట్టారు. బావ వాళ్ళది అప్పటి నుంచీ చర్చికి వెళ్ళే కుటుంబం. కాబట్టి పుట్టినరోజులతో పాటు క్రిస్మస్ కూడా మేనమామ లెక్కలోకే వస్తుంది. సంక్రాంతి బట్టలు వేరే.

డబ్బు సంగతి తర్వాత చూద్దాం. కొనేముందు ఒక్కటి ఆలోచించండి. ఆ వస్తువు పిల్ల చేతిలోకి వెళ్తుందా, హాల్లో షోకేసులోకి వెళ్తుందా? మన ఇళ్ళలో చిన్నపిల్లలకి వచ్చే బహుమతుల్లో సగానికి పైగా షోకేసుకే పోతాయి. ఏ ఇంటికైనా వెళ్ళి చూడండి, నా మాట అబద్ధమైతే అడగండి.

ఒక క్రిస్మస్ నాడు మధ్యాహ్నం బస్సుకి బొబ్బిలి వెళ్ళాను. ఆరాధన అయిపోయింది, భోజనాలైపోయాయి, పెద్దవాళ్ళు నడుం వాల్చారు. చిన్నదానికి అప్పుడు నాలుగేళ్ళు. నా వేలు పట్టుకుని హాల్లోకి లాక్కెళ్ళి షోకేసు ముందు నిలబెట్టింది. "మావయ్యా, అది నాది" అని పైఅరలో బొమ్మని చూపించింది. గులాబీ రంగు గౌను, పడుకోబెడితే కళ్ళు మూసుకునే రకం, మంచి ఖరీదైన బొమ్మ. ఎవరో దగ్గర బంధువులు పుట్టినరోజుకి తెచ్చారట. పిల్ల పుట్టినరోజు జూన్‌లో. డిసెంబరు వచ్చినా బొమ్మ అట్టపెట్టెలోనే ఉంది. ముందున్న ప్లాస్టిక్ కాగితం చింపలేదు. బొమ్మ చేతుల్ని పెట్టెకి బిగించిన సన్నటి తీగలు కూడా అలాగే ఉన్నాయి.

నాకు బాధ కలిగించింది బొమ్మ కాదు, అద్దం. పిల్ల మొహం అందే ఎత్తులో అద్దం మీద వరసగా మసక మరకలు. అవి ముక్కు ఆనించిన మరకలు. రోజూ వచ్చి అక్కడ నిలబడి తన బొమ్మని తను చూసుకుని వెళ్తోందన్నమాట.

తాళం ఏదని అడిగాను. "ఎందుకురా ఇప్పుడు? ఇస్తే సాయంత్రానికల్లా జుట్టు పీకీస్తాది" అంది అక్క. అక్క అత్తగారు లోపలి నుంచే "అంత రేటు పెట్టి కొన్నది బాబూ, పెద్దయ్యాక ఆడుకుంటాదిలే" అన్నారు. పెద్దయ్యాక బొమ్మతో ఎవరు ఆడుకుంటారండీ? నేను ఊరుకోలేదు. పిల్లకి ఇచ్చింది పిల్లదే, పీకితే పీకనీ, అది దాని జుట్టే అన్నాను. కాసేపు మాటా మాటా అయింది. చివరికి బావే లేచి, ఏమీ అనకుండా బీరువాలోంచి తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు. తీగలు గోళ్ళు తీసే కత్తెరతో కత్తిరించాం.

జుట్టు పీకలేదు. ముందు బొమ్మ బూట్లు విప్పింది. తర్వాత సోఫా మీద పడుకోబెట్టి, అది కళ్ళు మూసుకోగానే వేలు నోటిమీద పెట్టుకుని మా అందరినీ మాట్లాడొద్దంది. ఇంటిల్లిపాదీ కాసేపు గొంతు తగ్గించే మాట్లాడాం.

అప్పుడు నా సంచిలోంచి లక్కపిడతలు తీశాను. లక్క పూత చెక్కబొమ్మలు చేసే ఊరు ఏటికొప్పాక, అక్కడి నుంచి తెప్పించిన సెట్టు. పొయ్యి, కుండలు, బిందె, రోలు రోకలి, గరిటె, తిరగలి. మీరెప్పుడైనా చేతిలోకి తీసుకుని చూశారో లేదో, కుండ బొటనవేలంత ఉంటుంది, అయినా మూత సరిగ్గా పడుతుంది. పసుపు అంచు, ఎర్ర నడుము. ఎక్కడా గరుకు తగలదు, మూల గుచ్చుకోదు. అంకుడు కర్రని తరిణె పట్టి (అంటే గుండ్రంగా తిప్పుతూ చెక్కి), అది తిరుగుతుండగానే రంగు కలిపిన లక్కబిళ్ళని ఆనిస్తారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. అక్కడి పనివాళ్ళు రంగుల్ని చెట్ల గింజల నుంచీ, వేర్ల నుంచీ, ఆకుల నుంచీ తీస్తారు. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి ఇలాంటి రంగులకి మించింది నాకు తెలిసి లేదు. 2017లో ఈ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని చెప్పే జీఐ ట్యాగ్) కూడా వచ్చింది.

పెద్దది వెంటనే వంటింట్లోకి పరిగెత్తి అటుకులు, పుట్నాలు, బెల్లం ముక్క తెచ్చింది. ఈలోగా కేకు పళ్ళేలు పట్టుకుని వీధిలో పిల్లలు వచ్చారు, వాళ్ళూ కూర్చున్నారు. వరండా నిండిపోయింది. పక్కింటి అబ్బాయి తిరగలి దగ్గర కూర్చుని ఎవరు అడిగినా ఇవ్వలేదు. ఒకరు వండటం, ఒకరు వడ్డించటం, మధ్యలో కూరలో ఉప్పు లేదని దెబ్బలాట. మొదటి ముద్ద బొమ్మకి. తర్వాత కుండ మూతల్లో పెట్టి మా అందరికీ తలా రెండు అటుకులు. అక్క అత్తగారు కూడా లేచి వచ్చి తిని, "బెల్లం చాల్లేదే" అన్నారు. దాంతో మళ్ళీ పొయ్యి పెట్టారు. చీకటి పడి నక్షత్రం లైటు వేసేదాకా ఒక్కరు కూడా ఫోన్ అడగలేదు.

రాత్రికి తిరగలి పిడి ఊడింది. "చూశావా" అంది అక్క. ఫెవికాల్ పెట్టి అతికించాం, పొద్దున్నకి తిరిగింది. ఆడుకుంటే ఊడుతుంది. ఊడని బొమ్మ కావాలంటే పెట్టెలో పెట్టుకోవాలి, అప్పుడిక పిల్లలు ఎందుకు?

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. లక్కపిడతలంటే ఆడపిల్లలకి వంట నేర్పడమా అని కొందరు అడుగుతున్నారు. మగపిల్లలకీ ఇవ్వండి, ఆ ప్రశ్నే ఉండదు. అలాగే ఆడపిల్లలకి భూతద్దం ఇవ్వండి, స్క్రూడ్రైవర్ ఇవ్వండి, బంతి ఇవ్వండి. షాపుకి వెళ్ళి ఏడేళ్ళ పాపకి అనగానే వాళ్ళు గులాబీ రంగు వరసలోకి తీసుకెళ్తారు. మేకప్ సెట్టు, హెయిర్ క్లిప్పులు, మెరుపుల హ్యాండ్‌బ్యాగు. మా పెద్దదానికి భూతద్దం ఇస్తే చీమల వెంట పెరడంతా తిరిగింది. దాని ధర ఆ హ్యాండ్‌బ్యాగులో సగం కూడా లేదు.

బ్యాటరీ బొమ్మల మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. మీట నొక్కితే అదే పాడుతుంది, అదే ఆడుతుంది. పిల్ల చేసే పనేమీ ఉండదు. రెండో రోజుకి విసుగు, వారానికి బ్యాటరీ అయిపోతుంది, కొత్తది ఎవరూ వేయరు. అంతకంటే ముఖ్యమైనది చిన్న బిళ్ళ బ్యాటరీలు. పిల్లలు మింగితే అది గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. తెరవగానే పాట వచ్చే గ్రీటింగ్ కార్డుల్లోనూ, మినుకుమినుకుమనే క్రిస్మస్ టోపీల్లోనూ ఉండేవి ఇవే. మీ చిన్నమ్మాయికి మూడేళ్ళు కాబట్టి ఆ కార్డులు ఇంట్లోకే తేవద్దు. బ్యాటరీ ఉన్నది కొనక తప్పకపోతే, దాని మూతకి స్క్రూ ఉందో లేదో షాపులోనే చూడండి. వేలితో ఊడితే అక్కడే వదిలేయండి.

2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. భౌగోళిక గుర్తింపు ఉన్న చేతివృత్తి బొమ్మలకి మినహాయింపు ఉంది. కానీ జాతరలో చూడండి, మా విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను పండగ రోజుల్లో కోట చుట్టూ, మూడు లాంతర్ల కూడలి దగ్గర అమ్మే ప్లాస్టిక్ బొమ్మల్లో ఎన్నింటికి ఆ మార్కు ఉంటుంది? అంచులు కోసుకుపోతాయి, వాసన పెట్టెలోంచే కొడుతుంది. అడిగితే "పిల్లల బొమ్మకి మార్కేటండీ" అంటారు. పిల్లల బొమ్మ కాబట్టే కావాలి. కొనేవాళ్ళం అడగటం మొదలుపెడితే అమ్మేవాళ్ళు తెస్తారు.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వస్తాను. పుట్టినరోజుకీ క్రిస్మస్‌కీ ఒకే రకం బహుమతి ఇవ్వకూడదన్నది నా లెక్క. పుట్టినరోజు ఆ ఒక్క పిల్లది. ఆ రోజు ఇచ్చేది ఆమె ఒక్కదానిదే కావాలి, పేరు రాసి ఇవ్వండి, చెల్లెలితో పంచుకోమని చెప్పకండి. క్రిస్మస్ ఇంటికంతటికీ పండగ. ఆ రోజు ఇద్దరికీ వేరువేరుగా ఇస్తే ఎవరిది పెద్దది, ఎవరిది బాగుంది అని కొలతలు మొదలవుతాయి, కేకు కోసేలోపు ఏడుపులు. కలిసి ఆడుకునేది ఒక్కటే ఇవ్వండి. వామనగుంటల పీట, సంచీడు చింతపిక్కలు ఇచ్చినా చాలు. వరసకి ఏడు గుంటలు, రెండు వరసలు. ఏడేళ్ళ పిల్లకి లెక్క వస్తుంది, మూడేళ్ళ పిల్ల పిక్కలు పోస్తూ కూర్చుంటుంది. కానీ చింతపిక్క కూడా గొంతుకి అడ్డం పడేదే, కాబట్టి చిన్నది ఉన్నంతసేపు పెద్దవాళ్ళు పక్కనే ఉండాలి.

క్రిస్మస్ బహుమతి 25వ తేదీన ఇవ్వక్కర్లేదు. ఆ రోజు వాళ్ళకి చర్చి, కొత్త గౌను, కేకు, చుట్టాలు, ఇదే సరిపోతుంది. సండే స్కూల్లో కంఠత వాక్యాలు చెప్పినందుకు ఇచ్చే టిఫిన్ బాక్సులూ జామెట్రీ బాక్సులూ ఎలాగూ వస్తాయి. డిసెంబరు మొదటి వారంలోనే వెదురు బద్దలు, రంగు రంగుల గాజు కాగితాలు, దారం, జిగురు తీసుకెళ్ళి ఇచ్చి, కూర్చోబెట్టి నక్షత్రం కట్టించండి. వంకరగా వచ్చినా పర్వాలేదు. గుమ్మానికి వేలాడదీస్తే కేరల్స్‌కి వచ్చిన ప్రతి ఒక్కరికీ "నేను కట్టాను" అని చెప్పుకుంటారు. కొన్న స్టార్‌కి ఆ మాట రాదు.

గౌన్లు మాత్రం కొనకండి. అమ్మానాన్న ఒకటి కొంటారు, అమ్మమ్మ ఇంకోటి. మూడోది పెట్టెలో ఉండగానే పొట్టిదైపోతుంది. చేతిలో డబ్బులు పెట్టినా అవి నాన్న జేబులోకే వెళ్తాయి. ఇక పుట్టినరోజు ఫంక్షన్లలో చేతులు మారే గిఫ్టుల సంగతి చెప్పక్కర్లేదు. ఒకరింట్లో వచ్చిన గోడగడియారం కాగితం మార్చుకుని ఇంకొకరింటికి. రిటర్న్ గిఫ్టులైతే మరీ అన్యాయం, పిల్ల పేరు చెప్పి పెద్దవాళ్ళు ఒకరికొకరు బాకీ తీర్చుకోవడమే.

మీ ఏడేళ్ళ అమ్మాయి పుట్టినరోజుకి నేనైతే వస్తువు కంటే ఒక పూట ఇస్తాను. మా పెద్దదాన్ని బొబ్బిలి పక్కనే ఉన్న గొల్లపల్లికి తీసుకెళ్ళాను, వీణలు చేసేచోటుకి. పనస దుంగని తొలిచి కుండ, దండి అంతా ఒకే చెక్కలో తెస్తారు. మెట్లు, అంటే తీగని నొక్కే పట్టీలు, మైనంలో కూర్చుతారు, ఇరవై నాలుగు. పసుపుపచ్చటి పనస పొట్టు గుప్పెడు ఏరుకుని, వాసన చూసి, జేబులో పోసుకుంది. అక్కడ అరచేతిలో పట్టే చిన్న వీణలు కూడా చేస్తారు. బాగుంటాయి, కానీ అవి షోకేసు కోసమే, పెద్దవాళ్ళకి ఇవ్వండి. తనకి మాత్రం ఒక గీతల్లేని పుస్తకం, మంచి రంగు పెన్సిళ్ళు కొన్నాను. ఇంటికి రాగానే వీణ బొమ్మ గీసింది, తీగలు ఏడుకి బదులు పది వేసింది.

మీ మూడేళ్ళ పాపకి లక్కపిడతలు లేదా ఏటికొప్పాక లాగుడు బండి తీసుకోండి. మరీ బుల్లి ముక్కలున్న సెట్టు వద్దు, నోట్లో పట్టనంత పెద్దవి ఏరుకోండి. రెండూ వెయ్యి లోపే వస్తాయి. విశాఖ నుంచి తుని వెళ్ళే దారిలో యలమంచిలి దాటాక ఏటికొప్పాక వస్తుంది. అంత దూరం కుదరకపోతే విశాఖలో లేపాక్షి దుకాణంలో అడగండి. రంగు వేలికి అంటుకుంటోందేమో తడిగుడ్డతో తుడిచి చూసి కొనండి. ఇంటికి వెళ్ళాక పెట్టె మీరే విప్పి, అట్ట కూడా మీరే పట్టుకొచ్చేయండి, మళ్ళీ అందులో పెట్టడానికి ఎవరికీ వీలుండదు.