గంటపూల మొక్క పెంచాలనుకుంటున్న నీకు

అమ్మలూ,

కాంపానులా అనే గంటపూల మొక్క విత్తనాలు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటానని, తిరుపతిలో మీ మిద్దె మీద ఏ మూలన పెడితే బాగా పూస్తుందని అడిగావు. మూల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ మొక్క సొంతూరు ఎక్కడో తెలుసుకో. ఏ మొక్క తెచ్చుకోవాలన్నా నేను మొదట అడిగేది అదే.

నువ్వు పంపిన ఫొటోలో ఉన్నది కాంపానులా లాటిఫోలియా. యూరప్ అడవుల నుంచి మన కాశ్మీరు వైపు హిమాలయాల దాకా పెరుగుతుంది. మన దేశంలో దాన్ని చూడాలంటే 2,000 మీటర్లు దాటి పైకి పోవాలి. అక్కడ చెట్ల నీడలో, వాగుల పక్కన, ఆకులు కుళ్లి నల్లబడిన మట్టిలో ఉంటుంది. వేళ్ల దగ్గర తడి ఆరదు, అలాగని నీళ్లు నిలవవు. కాడ మనిషి నడుము దాటి లేస్తుంది, ఆకుల మొదళ్లలో ఒక్కో ఊదా గంట పూస్తుంది. చలికాలం వస్తే పైనంతా ఎండిపోయి, వేరు మంచు కింద పడుకుంటుంది. ఎండలు తిరిగితే మళ్లీ చిగురు.

పువ్వు లోపల చూస్తే ఎంత ముచ్చటేస్తుందో! మొగ్గ విచ్చకముందే పుప్పొడి మధ్యలో ఉండే కీలం అనే సన్నటి కాడ మీది నూగుకు అంటుకుంటుంది. లోపలికి దూరిన తుమ్మెద దాన్ని ఒంటికి పూసుకుని పోతుంది. ఆ తర్వాతే కీలం కొస మూడుగా చీలి, ఇంకో పువ్వు పుప్పొడి కోసం తెరుచుకుంటుంది. కాయ తలకిందులుగా వేలాడుతుంది. తొడిమ దగ్గర చిన్న రంధ్రాలు పడి, గాలికి ఊగినప్పుడల్లా కాసిన్ని గింజలు రాలుతాయి.

ఇప్పుడు మన సంగతి. తిరుమల కొండే సుమారు 850 మీటర్లు, హార్స్లీ హిల్స్ 1,265. మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, మిద్దె గచ్చు రాత్రి కూడా సెగలు కక్కుతూనే ఉంటుంది. అక్కడ ఆ మొక్క బతకదమ్మా. షేడ్‌నెట్ కట్టినా, రోజుకు మూడుసార్లు నీళ్లు పోసినా వేరుకు చల్లదనం రాదు, పైగా కుళ్లిపోతుంది. మన శేషాచలం రాళ్లలో హాయిగా పెరిగే ఎర్రచందనాన్ని తీసుకుపోయి నీళ్లు నిలిచే నేలలో నాటితే దానికీ అదే గతి.

అయినా మనసు ఆగకపోతే అక్టోబరు చివర్లో ఒక్క కుండీలో చల్లు. గింజలు పొడిలా సన్నగా ఉంటాయి, మట్టి కప్పొద్దు, పైన అదిమితే చాలు. నాలుగు ఆకులు చూస్తావేమో. పూలు మాత్రం ఆశించకు. ప్యాకెట్ మీద పేరు కూడా చదువు. కాంపానులా అమెరికానా అని ఉంటే అది వేరే మొక్క, ఏడాదో రెండేళ్లో బతికేది. దాని పువ్వు గంటలా కాకుండా నక్షత్రంలా పరుచుకుని ఉంటుంది.

గంటలే కావాలంటే పచ్చగంటల మొక్క పెట్టు, మన ఎండకు చక్కగా తట్టుకుంటుంది. నీలం కావాలంటే శంఖుపుష్పం. గింజలు రాత్రి నానబెట్టి పొద్దున నాటి, పాకడానికి ఒక తాడు కట్టు. ఈ రెండింటికీ మిద్దె మీద తూర్పు మూల సరిపోతుంది.

అసలు మొక్కను చూడాలనుంటే జులై, ఆగస్టుల్లో కాశ్మీరుకు టిక్కెట్లు తీసుకో. పూసేది అప్పుడే. తవ్వి మాత్రం తేవద్దు.

చిత్తూరు నుంచి
మీ పెద్దమ్మ