డీఎస్925 ప్లస్‌లో సైనాలజీ డిస్కులే పెట్టాలా? బయటివి పెడితే ఏమవుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: పాత డీఎస్218 ప్లస్‌లో (సైనాలజీ కంపెనీ నాస్, అంటే డిస్కులు పెట్టి ఇంటి నెట్‌వర్క్‌లో డేటా దాచుకునే బాక్సు) రెండు 4 టీబీ డబ్ల్యూడీ రెడ్ డిస్కులు ఉన్నాయి. కొత్తగా డీఎస్925 ప్లస్ తీసుకున్నారు, ఇంకో రెండు డిస్కులు కొనాలి. సైనాలజీ పేరున్నవే పెట్టాలి, లేకపోతే బాక్సు తీసుకోదని షాపులో చెప్పారు.

షాపువాళ్లు చెప్పింది కొన్నాళ్ల కిందటి వరకు నిజమే. 2025 ఏప్రిల్‌లో సైనాలజీ ఆ ఏడాది వచ్చే ప్లస్ మోడళ్లకు కొత్త నిబంధన పెట్టింది. తమ డిస్కులుగానీ, తాము పరీక్షించి జాబితాలో చేర్చినవిగానీ ఉంటేనే కొత్త స్టోరేజ్ పూల్ (డిస్కులను కలిపి చేసే ఉమ్మడి నిల్వ) తయారవుతుందని చెప్పింది. వాడేవాళ్ల నుంచి గట్టిగా వ్యతిరేకత వచ్చింది. అక్టోబరులో డీఎస్ఎం (ఈ బాక్సుల్లో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్) 7.3తో హార్డ్ డిస్కులకు, 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీలకు ఆ అడ్డు తీసేశారు. అంటే మీ మోడల్లో సీగేట్, డబ్ల్యూడీ, తోషిబా ఏవైనా పెట్టి పూల్ చేసుకోవచ్చు. ఎం.2 స్లాట్ల (ఎన్‌వీఎంఈ అనే చిన్న ఎస్ఎస్‌డీలు పెట్టే చోట్ల) విషయంలో మాత్రం పట్టు వదల్లేదు. అక్కడ కాష్‌కైనా, పూల్‌కైనా జాబితాలోని ఎన్‌వీఎంఈలే కావాలి. ఇంటి వాడకానికి ఆ స్లాట్లు ఖాళీగా వదిలేసినా నష్టం లేదు.

కాబట్టి పెట్టె తెరిచాక మొదట చూడాల్సింది డీఎస్ఎం వెర్షన్. చాలాకాలం గోడౌన్‌లో ఉన్న బాక్సు కావచ్చు కదా. 7.3 లేదా ఆ తర్వాతి ఇన్‌స్టలేషన్ ఫైలును సైనాలజీ డౌన్‌లోడ్ పేజీలో సరిగ్గా డీఎస్925 ప్లస్ పేరు మీద ఉన్నదే ముందుగా కంప్యూటర్లోకి దించుకోండి. ఇన్‌స్టలేషన్‌లో ఫైలు మనమే ఇచ్చే పద్ధతి ఎంచుకుని దాన్ని ఇవ్వండి. డిస్కు పాస్ కావడానికి కంపాటిబిలిటీ జాబితాను మార్చే స్క్రిప్టులు ఇంకా ప్రచారంలో ఉన్నాయి. హార్డ్ డిస్కుల కోసం ఇప్పుడు వాటి అవసరం లేదు. రూట్ అనుమతితో సిస్టమ్ ఫైళ్లు మార్చడం, ప్రతి అప్‌డేట్ తర్వాత మళ్లీ నడపడం దేనికి?

ఇక ఏ డిస్కు కొనాలన్నది. ఎవరి స్టిక్కర్ ఉందన్న దానికంటే లోపల రాత ఎలా జరుగుతుందన్నది ముఖ్యం. డిస్కుల్లో సీఎంఆర్, ఎస్ఎంఆర్ అని రెండు రకాలు. సీఎంఆర్‌లో ట్రాకులు (డేటా రాసే గీతలు) విడివిడిగా పక్కపక్కన ఉంటాయి. ఎస్ఎంఆర్‌లో ట్రాకులు పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. కింది పెంకు మార్చాలంటే పైవి లేపి మళ్లీ పేర్చాలి, ఇక్కడా అంతే. మామూలుగా ఫొటోలు కాపీ చేసేటప్పుడు తేడా తెలియదు, ఎందుకంటే డిస్కు ముందు ఒక చిన్న కాష్ భాగంలో రాసుకుని, ఖాళీ దొరికినప్పుడు సర్దుకుంటుంది. రెయిడ్ అంటే ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా డిస్కులను కలిపే పద్ధతి. పోయినదాని బదులు పెట్టిన డిస్కులోకి డేటాను తిరిగి రాసే రీబిల్డ్‌లో ఖాళీ దొరకదు. గంటల తరబడి ఆగకుండా రాత పడుతుంటే ఆ కాష్ నిండిపోయి వేగం పడిపోతుంది, ఒక్కోసారి డిస్కు జవాబే ఇవ్వదు. అప్పుడు నాస్ దాన్ని పాడైన డిస్కుగా లెక్కేసి బయటకు తోసేస్తుంది. ఒక డిస్కు పోయి రీబిల్డ్ పెడితే, ఆ రీబిల్డ్‌లోనే రెండోది పోయినట్టు అవుతుంది.

2020లో డబ్ల్యూడీ రెడ్ మీద వచ్చిన గొడవ ఇదే. నాస్ డిస్కులని అమ్మిన 2 నుంచి 6 టీబీ రెడ్‌లలో కొన్ని ఎస్ఎంఆర్ అని కంపెనీ అప్పుడు ఒప్పుకుంది. మీ పాత రెండు డిస్కుల లేబుల్ చూడండి. మోడల్ నంబరులో ఈఎఫ్ఆర్ఎక్స్ ఉంటే సీఎంఆర్, నిశ్చింతగా వాడొచ్చు. 4 టీబీ మీద ఈఎఫ్ఏఎక్స్ ఉంటే ఎస్ఎంఆర్, దాన్ని కొత్త పూల్‌లోకి తీసుకెళ్లకండి. (8 టీబీ, ఆపై సైజుల్లో ఈఎఫ్ఏఎక్స్ అని ఉన్నా సీఎంఆరే. అందుకే అక్షరాలతోపాటు సైజు కూడా చూడాలి.) కొత్తవైతే రెడ్ ప్లస్, రెడ్ ప్రో, సీగేట్ ఐరన్‌వుల్ఫ్ అన్నీ సీఎంఆర్. రెడ్ ప్లస్‌కు, మామూలు ఐరన్‌వుల్ఫ్‌కు 3 ఏళ్ల వారంటీ, ప్రో రకాలకు 5 ఏళ్లు. డెస్క్‌టాప్ బారకుడా 4 టీబీ ధర తక్కువగా కనిపిస్తుంది కానీ అది ఎస్ఎంఆర్.

డెస్క్‌టాప్ డిస్కు వద్దనడానికి రెండో కారణం కూడా ఉంది. ఒక సెక్టార్ చదవడం కష్టమైతే నాస్ డిస్కు 7 సెకన్లలో చేతులెత్తేస్తుంది, ఆ ముక్కను రెయిడ్ పక్క డిస్కు నుంచి తెచ్చుకుని సరిచేస్తుంది. డెస్క్‌టాప్ డిస్కుకు పక్కన తోడు ఉంటుందని తెలియదు, నిమిషం దాటినా ప్రయత్నిస్తూనే ఉంటుంది. డీఎస్ఎంకు ఆధారమైన లినక్స్ మామూలుగా 30 సెకన్లే ఆగుతుంది. ఆ తర్వాత లింకు రీసెట్ చేస్తుంది, బాగున్న డిస్కు కూడా పూల్ నుంచి పడిపోతుంది. డిస్కు వివరాలు చూపే స్మార్ట్‌సీటీఎల్ కమాండులో ఎస్‌సీటీ ఈఆర్‌సీ విలువ (తప్పు దగ్గర ఎంతసేపు ప్రయత్నించాలన్న పరిమితి) చూస్తే ఇది తేలిపోతుంది. 70 అని వస్తే 7 సెకన్లు. డిసేబుల్డ్ అని వచ్చినా, సపోర్ట్ లేదని వచ్చినా ఆ డిస్కును రెయిడ్‌కు దూరంగా ఉంచండి.

కంపెనీ వాదన కూడా చెప్పాలి. పరీక్షించిన ఫర్మ్‌వేర్ (డిస్కు లోపలి సాఫ్ట్‌వేర్) ఉంటే సమస్యలు తక్కువ వస్తాయన్నది అబద్ధం కాదు. పెద్ద ఆఫీసుల్లో ఆ లెక్క సరిపోతుంది. కానీ సైనాలజీ డిస్కులు తయారుచేయదు. వేరే తయారీదారుల దగ్గర తీసుకుని తన ఫర్మ్‌వేర్, తన లేబుల్ వేస్తుంది. ఇంటివాళ్లకు అసలు ఇబ్బంది కొన్నరోజు రాదు, డిస్కు పోయిన రోజు వస్తుంది. పూల్ డిగ్రేడెడ్ (ఒక డిస్కు లేకుండా నడుస్తోంది) అని బీప్ మొదలయ్యాక మిగిలిన డిస్కుల మీదే డేటా అంతా ఆధారపడి ఉంటుంది. ఆ సాయంత్రమే సికింద్రాబాద్ సీటీసీలోనో, మీ ఊరి కంప్యూటర్ షాపులోనో దొరికే డిస్కు పెట్టగలగాలి. ఒక్క బ్రాండే కావాలంటే ఆర్డరు పెట్టి రోజుల తరబడి ఎదురుచూడాలి. అందుకే ఆ నిబంధనను నేను మొదటినుంచీ తప్పనే అంటాను.

చిన్న ఊళ్లలో ఐరన్‌వుల్ఫ్ లేకపోయినా సీసీటీవీ డిస్కులు, అంటే డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ దొరుకుతాయి. అవి ఫ్రేములు వదిలేస్తాయని, డేటా పోతుందని భయపడక్కర్లేదు. తప్పును వదిలేసి ముందుకెళ్లే ఆ స్ట్రీమింగ్ కమాండ్లు డీవీఆర్ (సీసీటీవీ రికార్డరు) పంపితేనే పనిచేస్తాయి, నాస్ వాటిని పంపదు. అత్యవసరంలో పెట్టుకోవచ్చు. సైజు మాత్రం పోయిన డిస్కుతో సమానంగానో, ఎక్కువగానో ఉండాలి.

కొనేటప్పుడు సీరియల్ నంబరు తయారీదారు వారంటీ పేజీలో కొట్టి చూశాకే డబ్బివ్వండి. బయటి దేశం నుంచి తెప్పించినవాటికి చాలాసార్లు ఇక్కడ వారంటీ వర్తించదు. 2025 మొదట్లో జర్మనీలో వాడేసిన సీగేట్ డిస్కులు కొత్తవిగా అమ్ముతున్నట్టు బయటపడింది. వాటిలో స్మార్ట్ (డిస్కు తన ఆరోగ్యాన్ని నమోదు చేసుకునే వ్యవస్థ) చూపే వాడకం గంటల లెక్క సున్నా చేసి ఉంది, కానీ సీగేట్ లోపల రాసుకునే ఫార్మ్ లాగ్‌లో అసలు గంటలు దొరికిపోయాయి. డిస్కును కంప్యూటర్‌కు పెట్టి స్మార్ట్‌మాన్‌టూల్స్ (స్మార్ట్‌సీటీఎల్ ఉండే ప్యాకేజీ) 7.4 లేదా ఆపై వెర్షన్‌తో ఆ లాగ్ చూడండి. రెండు లెక్కలూ కలవకపోతే వెనక్కిచ్చేయండి.

ఇప్పుడు మీ మార్పిడి. ముఖ్యమైనవి ముందు ఒక యూఎస్‌బీ డిస్కులోకి కాపీ తీయండి. పాత బాక్సు డీఎస్ఎంను అందుబాటులో ఉన్న చివరి వెర్షన్‌కు తెచ్చి, షట్‌డౌన్ చేసి, రెండు డిస్కులనూ అదే వరుసలో కొత్త బాక్సు 1, 2 స్లాట్లలో పెట్టండి. ఆన్ చేశాక బ్రౌజర్‌లో మైగ్రేషన్ అడుగుతుంది, అది ఎంచుకోండి. కొత్తగా ఇన్‌స్టాల్ చేసేది ఎంచుకుంటే డేటా తుడిచిపెట్టుకుపోతుంది, ఇక్కడ తొందరపడొద్దు.

కొత్త డిస్కులు పెట్టాక వెంటనే పూల్‌లో కలపకుండా స్టోరేజ్ మేనేజర్‌లో ఎక్స్‌టెండెడ్ స్మార్ట్ టెస్ట్ నడపండి. 4 టీబీకి దాదాపు 8 గంటలు పడుతుంది. రీఅలొకేటెడ్ (పాడై బదులు పెట్టినవి), పెండింగ్ (చదవడం కష్టమై అనుమానంలో ఉన్నవి) సెక్టార్లు రెండూ సున్నా ఉంటేనే సైనాలజీ సొంత రెయిడ్ పద్ధతి ఎస్‌హెచ్ఆర్‌లో ఒక్కొక్కటిగా చేర్చండి. నాలుగు 4 టీబీలకు ఒకటి రక్షణకు పోగా 12 టీబీ, డీఎస్ఎంలో అది 10.9 లోపు కనిపిస్తుంది, కంగారు పడకండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా నాస్‌కు యూఎస్‌బీ డేటా పోర్టున్న యూపీఎస్ వేరుగా పెట్టండి. బ్యాటరీ అయిపోతోందని ఇన్వర్టర్ నాస్‌కు చెప్పదు, యూపీఎస్ చెప్పగలదు. కంట్రోల్ ప్యానెల్‌లో హార్డ్‌వేర్ అండ్ పవర్ కింద యూపీఎస్ ట్యాబ్‌లో 5 నిమిషాల తర్వాత సేఫ్ మోడ్ అని పెడితే సరిపోతుంది.