టైట్రేషన్ లెక్కకి ముందు ఫ్లాస్క్‌లో ఏముందో చూడు

కోడలు పిల్లా,

మీ నాన్న ఫోన్ చేసి పిల్ల టైట్రేషన్ పీహెచ్ లెక్కల దగ్గర తెగ బెంగపడిపోతోంది అక్కా, భీమవరంలో ట్యూషన్ పెట్టించమంటావా అన్నాడు. ట్యూషన్ ఎందుకమ్మా, ఇన్నేళ్ళు ఇంటర్ పిల్లలకి నేను చెప్పింది ఇదే కదా. నువ్వు పంపిన నోట్స్ ఫోటోలు చూశాను, ఫార్ములాలన్నీ నీకు కంఠతా వచ్చు, కానీ ఎక్కడ ఏది వాడాలో చూసుకోకుండా చేతికి దొరికింది వేసేస్తున్నావ్, అదొక్కటే ఇబ్బంది.

టైట్రేషన్ అంటే ఫ్లాస్క్‌లో ఉన్న యాసిడ్‌లో బేస్‌ని కొంచెం కొంచెంగా పోస్తూ పోవడమే. ఫార్ములా జోలికి వెళ్ళకముందు ఒక పని చెయ్యి. యాసిడ్ ఎన్ని మిల్లీమోల్స్, పోసిన బేస్ ఎన్ని మిల్లీమోల్స్ అని రాసుకుని తీసెయ్, ఫ్లాస్క్‌లో ఏం మిగిలిందో చూడు. మిగిలిందాన్ని బట్టే ఫార్ములా.

25 ఎంఎల్ 0.1 మోలార్ ఎసిటిక్ యాసిడ్ తీసుకో, బ్యూరెట్‌లో, అంటే కొలిచి పోసే గాజు గొట్టంలో, 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్, అదే మన బేస్. ఎంఎల్‌ని మోలారిటీతో గుణిస్తే యాసిడ్ 2.5 మిల్లీమోల్స్. కేఏ, అంటే యాసిడ్ నీళ్ళలో ఎంత విడిపోతుందో చెప్పే స్థిరాంకం, 1.8×10⁻⁵, దాని లాగ్‌కి మైనస్ పెడితే పీకేఏ 4.74. ఇంకా చుక్క కూడా పోయలేదనుకో, ఉన్నది వీక్ యాసిడ్ ఒక్కటే, కేఏని 0.1తో గుణించి రూట్ తీస్తే హైడ్రోజన్ అయాన్ 1.34×10⁻³, దాని లాగ్‌కి మైనస్ పెడితే పీహెచ్ 2.87. స్ట్రాంగ్ యాసిడ్ అయ్యుంటే 1 వచ్చేది, నువ్వు మూడో లెక్కలో ఆ 1 వేసేశావ్ చూడు.

ఇప్పుడు 10 ఎంఎల్ పోశావ్. బేస్ 1 మిల్లీమోల్, అదంతా యాసిడ్‌తో కలిసిపోయి 1 మిల్లీమోల్ సాల్ట్ (సోడియం ఎసిటేట్) అయ్యింది, 1.5 యాసిడ్ మిగిలింది. రెండూ ఉన్నాయంటే బఫర్, అంటే పీహెచ్‌ని తొందరగా మారనివ్వని మిశ్రమం. దానికి హెండర్సన్ ఫార్ములా, పీకేఏ + లాగ్ (సాల్ట్/యాసిడ్): 4.74 + లాగ్ (1/1.5), అంటే 4.56. ఇక్కడ మొత్తం వాల్యూమ్ 35 అయ్యింది కదా దాంతో భాగించాలా అని అడిగావ్, అక్కర్లేదమ్మా, పైనా కిందా ఒకటే వాల్యూమ్ కాబట్టి కొట్టేసుకుపోతుంది. 12.5 ఎంఎల్ దగ్గర సాల్ట్, యాసిడ్ సమానం, లాగ్ 1 అంటే సున్నా, పీహెచ్ సూటిగా 4.74, లెక్కే చెయ్యక్కర్లేదు. ఈ మధ్యలో ఎంత పోసినా పీహెచ్ మెల్లగానే కదులుతుంది. మన వైపు రొయ్యల చెరువుల్లో పొద్దున్న పీహెచ్ తక్కువ, మధ్యాహ్నానికి నాచు కార్బన్ డయాక్సైడ్ లాగేసుకుని పెరుగుతుంది కదా, ఆల్కలినిటీ (నీళ్ళకి యాసిడ్‌ని తట్టుకునే శక్తి) బాగున్న చెరువులో ఆ ఊపు తక్కువ, అక్కడ బైకార్బొనేట్ చేసేది కూడా ఈ బఫర్ పనే.

అసలు జాగ్రత్తగా ఉండాల్సింది 25 ఎంఎల్ దగ్గర. సమానంగా పోశాం కాబట్టి పీహెచ్ 7 అని రాసేస్తారు పిల్లలు, నువ్వూ రాశావ్. యాసిడ్ లేదు, బేస్ లేదు, ఉన్నది 2.5 మిల్లీమోల్స్ సోడియం ఎసిటేట్, ఆ ఎసిటేట్ నీళ్ళతో హైడ్రాలిసిస్ అయ్యి హైడ్రాక్సైడ్ పుట్టిస్తుంది. ఇక్కడ మాత్రం వాల్యూమ్ మర్చిపోకు, 50 ఎంఎల్ అయ్యింది కాబట్టి గాఢత 0.05. ఎసిటేట్ బేస్‌గా ఎంత పనిచేస్తుందో చెప్పే స్థిరాంకం కేబీ, 10⁻¹⁴ని కేఏతో భాగిస్తే 5.56×10⁻¹⁰, దాన్ని 0.05తో గుణించి రూట్ తీస్తే హైడ్రాక్సైడ్ 5.27×10⁻⁶, దాని లాగ్‌కి మైనస్ పెడితే పీఓహెచ్ 5.28, 14లోంచి తీసేస్తే పీహెచ్ 8.72.

అది దాటాక సులువే, 26 ఎంఎల్ పోస్తే 0.1 మిల్లీమోల్ బేస్ ఎక్కువైంది, 51తో భాగించు, ఆ హైడ్రాక్సైడ్‌కి పీఓహెచ్ 2.71, 14లోంచి తీసేస్తే పీహెచ్ 11.29, ఎసిటేట్‌ని పట్టించుకోకు.

ఇంకోటి, 24.9 దగ్గర 7.14 ఉన్న పీహెచ్ 25.1కి వచ్చేసరికి 10.30 అవుతుంది, చేసి చూడు. అందుకే ల్యాబ్‌లో చివర్లో చుక్క చుక్కగా పొయ్యమనేది, సుమారు 8.2 నుంచి 10 మధ్య రంగు మారే ఫినాఫ్తలీన్‌ని ఇండికేటర్‌గా (పీహెచ్‌ని బట్టి రంగు మారే పదార్థంగా) వాడేది. మిథైల్ ఆరెంజ్ అనే ఇంకో ఇండికేటర్ అయితే 3.1 నుంచి 4.4 లోపే మారిపోతుంది, అప్పటికి సగం యాసిడ్ కూడా అయిపోదు.

ఆదివారంలోగా ఇదే లెక్క ఫార్మిక్ యాసిడ్‌తో చెయ్యి, కేఏ 1.8×10⁻⁴, మిగతా అంకెలన్నీ ఇవే. 25 ఎంఎల్ దగ్గర 8.22 రావాలి, రాకపోతే పేజీ ఫోటో తీసి పంపు, ఎక్కడ తేడా వచ్చిందో ఫోన్‌లో చూద్దాం.

మీ అత్త