అంగిట్లో మచ్చ మా వంశంలో ఉన్నట్టా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. ముప్పై ఏళ్లుగా అడ్డపొగ తాగుతోంది, అంటే చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. అంగిట్లో తెల్లగా మందం కట్టి, మధ్యలో ఎర్రగా కనిపిస్తే ముక్క తీసి పరీక్షకు పంపారు. ‘మోడరేట్ డిస్‌ప్లాసియా’ (కణాలు ఓ మోస్తరుగా తీరు తప్పడం) అని వచ్చింది. కణాల్లో జన్యువులు మారుతున్నాయన్నారు డాక్టరు గారు. మా పెద్దమ్మ నోటి క్యాన్సర్‌తోనే పోయింది. నేనూ పిల్లలూ రక్తపరీక్ష చేయించుకోవాలా?
– ఒక పాఠకురాలు, సోంపేట

జవాబు: అక్కర్లేదమ్మా. మీ అమ్మగారి జన్యువుల్లో మార్పులు చుట్ట కాలిన చోట, ఈ ముప్పై ఏళ్లలో వచ్చినవి. అవి ఆ మచ్చ కణాల్లో ఉంటాయి, పిల్లలకు దిగవు. రక్తం పరీక్షిస్తే బాగుందనే వస్తుంది. అది చూసి ధైర్యపడి నోరు చూపించుకోవడం మానేస్తారని మా భయం. మీ పెద్దమ్మగారూ చుట్ట తాగేవారేమో గుర్తు చేసుకోండి. సిక్కోలు పల్లెల్లో అడ్డపొగ తల్లిని చూసి కూతురు, అత్తను చూసి కోడలు నేర్చుకున్న అలవాటు. ఫ్యాంకోనీ ఎనీమియా లాంటి పుట్టుకతో వచ్చే జబ్బుల్లో పొగాకు ముట్టనివాళ్లకూ చిన్న వయసులో నోటి క్యాన్సర్ రావచ్చు గానీ, అవి చాలా అరుదు.

పొగాకులోని నైట్రోసమైన్లనే విషాలు కణంలో చేరి డీఎన్‌ఏకు అతుక్కుంటాయి. కణం రెండుగా చీలేటప్పుడు ఆ అతుకు దగ్గర డీఎన్‌ఏ రాతలో ఒక అక్షరం తప్పు పడుతుంది. చాలా తప్పుల్ని కణమే దిద్దుకుంటుంది. అడ్డపొగలో నిప్పు అంగిలి కిందే ఉంటుంది కదా, పైపొర రోజూ కమిలిపోతే కొత్త కణాలు గబగబా పుట్టాలి. దిద్దుకునే వ్యవధి చాలదు. గట్టి అంగిట్లో క్యాన్సర్ మామూలుగా అరుదు. అలాంటిది అడ్డపొగ తాగేవాళ్లలో అక్కడే ఎక్కువగా వస్తుంది.

ఒక్క జన్యువు చెడితే సరిపోదు. తరచుగా ముందు పోయేది 9వ క్రోమోజోమ్ మీది పీ16 అనే జన్యువు, కణ విభజనకు అది బ్రేకు. 17వ క్రోమోజోమ్ మీది టీపీ53 పని, దెబ్బతిన్న కణాన్ని ఆపడం, బాగుపడకపోతే చంపేయడం. నోటి క్యాన్సర్లలో సగానికి పైగా ఇది చెడిపోయి కనిపిస్తుంది. ఇలాంటివి కొన్ని కూడడానికి ఏళ్లు పడుతుంది. మోడరేట్ డిస్‌ప్లాసియా ఇంకా క్యాన్సర్ కాదు, అన్నీ అలా మారవు కూడా. కానీ తెల్లమచ్చ కన్నా ఎరుపు ప్రమాదం.

ముక్క ఎక్కడ తీశారో అడగండి. తెల్లటి మందంలో తీసి ఉంటే అసలు తీవ్రత తెలియకపోవచ్చు, ఎర్రటి చోట మళ్లీ తీయించండి. మచ్చ కోసి తీసేశాక కూడా మొదటి ఏడాది 3 నెలలకోసారి చూపించాలి. పొగ తగిలిన అంగిలంతా కొంత మారిపోయి ఉంటుంది, పక్కనే ఇంకోటి లేవవచ్చు. చుట్ట తిప్పి మామూలుగా తాగితే చాలని కొందరంటారు. వేడి తగ్గుతుంది, విషం తగ్గదు. పూర్తిగా మానాల్సిందే. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356కి ఫోన్ చేయండి, ఉచితం.

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. గుట్కా తింటాడు. కారం తగిలితే నోరంతా మంట, ముద్ద పెట్టుకోడానికి నోరు సరిగ్గా తెరుచుకోవడం లేదు. బి కాంప్లెక్స్ వాడుతున్నాం.
– ఒక తండ్రి, విజయనగరం

జవాబు: విటమిన్ బిళ్లలతో కాలం గడపకండి. వక్క వల్ల బుగ్గల లోపలి పొర కింద నార కట్టి బిగుసుకుపోతోంది. ఇది సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ లక్షణం, ఇందులోంచీ క్యాన్సర్ రావచ్చు. అతని మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పట్టకపోతే ఈ వారమే దంతవైద్యుడికి చూపించండి. గుట్కాతో పాటు వక్కపొడి కూడా మానాలి. కట్టిన నార దానంతట అది పోదు గానీ, మానితే ముదరడం తగ్గుతుంది. ఇంజెక్షన్లు, నోరు సాగదీసే వ్యాయామాలతో కొంత తెరుచుకుంటుంది. బుగ్గలో ఎక్కడైనా పుండు రెండు వారాలకు మించి మానకపోతే ముక్క పరీక్ష చేయించండి.