రాత్రిపూట కూడా డిటెక్టర్‌లో నాయిస్ తగ్గట్లేదా? ముందు ఎదుటి గోడ చూడండి

రెండు టెర్రస్‌ల మధ్య 200 మీటర్లు, 850 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ లేజర్, బీబీ84 (ఒక్కో ఫోటాన్‌తో, అంటే వెలుగు కణంతో, ఒక్కో బిట్ పంపి రహస్య కీ తయారుచేసుకునే క్వాంటమ్ పద్ధతి). చీకటి పడ్డాక కూడా ఎర్రర్ (తప్పుగా అందే బిట్ల వాటా) 11 శాతం దాటుతోంది, 1 నానోమీటర్ వెడల్పు రంగును మాత్రమే వదిలే ఫిల్టర్ కొంటే సరిపోతుందా అని అడిగారు. అప్పుడే కొనకండి. గచ్చిబౌలిలో ఇలాంటి లింకే పెట్టినప్పుడు నేను ముందు దానిమీదే డబ్బు తగలేశాను.

మొదట్లో వీధిదీపాలను తిట్టుకున్నాం. తెల్ల ఎల్ఈడీ వెలుగు 850 దగ్గర దాదాపు ఉండనే ఉండదు. అసలు దొంగ సీసీ కెమెరా! నైట్ విజన్ కోసం దానికి పెట్టే ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీలు చాలావరకు 850వే. మీ లేజర్ రంగే కాబట్టి సన్నని ఫిల్టర్‌నైనా కొంత దాటుకుని వస్తుంది. ఫోన్ సెల్ఫీ కెమెరాతో చూడండి, ఊదారంగులో మెరుస్తాయి. మా ట్రాన్స్‌మిటర్ వెనక పిట్టగోడ ఆ వెలుగులో పట్టపగల్లా ఉంది. 10 సెంటీమీటర్ల ఫోకల్ లెంగ్త్ లెన్స్, 0.5 మిల్లీమీటర్ల డిటెక్టర్ అంటే, 200 మీటర్ల దూరంలో మీటరు మేర గోడ మా రిసీవర్‌కి కనిపిస్తోందన్నమాట.

సుల్తాన్ బజార్‌లో నల్లగుడ్డ కొని వెనక కట్టాం. కౌంట్లు (డిటెక్టర్ లెక్కపెట్టే ఫోటాన్లు) కదిలితే ఒట్టు. కంటికి నల్లగా కనిపించే అద్దకాలు చాలా వరకు ఇన్‌ఫ్రారెడ్‌ని వెనక్కి కొట్టేస్తాయని అప్పుడు తెలిసింది. చివరికి కార్బన్ మసి కలిసిన నల్లరంగు పూసిన అట్ట పనిచేసింది.

తర్వాత ఫోకస్ దగ్గర 50 మైక్రాన్ల పిన్‌హోల్ (సన్నని రంధ్రం) పెట్టాం. చూపు 10 సెంటీమీటర్లకు కుదించుకుపోయింది, అంటే గోడ వెలుగు వందో వంతే. కాకపోతే అలైన్‌మెంట్‌తో చుక్కలు కనిపిస్తాయి. సాయంత్రం స్లాబ్ వేడి కక్కేటప్పుడు లేజర్ మచ్చ ఒకచోట నిలవదు, తొమ్మిది దాటాక మొదలుపెట్టండి.

టైమ్ గేటింగ్‌కి, అంటే పల్స్ వచ్చే క్షణంలో పడ్డ ఫోటాన్లనే లెక్కలోకి తీసుకోవడానికి, ఖర్చు లేదు. 10 మెగాహెర్ట్జ్ పల్సుల్లో 2 నానోసెకన్ల కిటికీ మాత్రమే ఉంచుకుంటే నాయిస్ 50వ వంతుకి పడిపోతుంది.

ఫిల్టర్ చివరికి. మామూలు లేజర్ డయోడ్ వేడెక్కితే దాని రంగు డిగ్రీకి సుమారు 0.3 నానోమీటర్లు జరుగుతుంది. టెంపరేచర్ కంట్రోలర్ లేకుండా 1 నానోమీటర్ ఫిల్టర్ పెడితే మీ సిగ్నల్‌నే ఆపేస్తుంది. మాకు జరిగింది అదే.

పగటి ప్రయోగం ఆశ ఇప్పుడే వద్దు. 2021లో ఇస్రో అహ్మదాబాద్‌లో చేసిన 300 మీటర్ల క్వాంటమ్ కమ్యూనికేషన్ ప్రదర్శన కూడా రాత్రిపూటదే.

లేజర్ ఆపి ఒకసారి, లెన్స్‌కి మూతపెట్టి ఒకసారి కౌంట్లు తీయండి. ఆ తేడానే బయటి వెలుగు. చొరబడ్డ ప్రతి రెండు ఫోటాన్లలో ఒకటి తప్పు బిట్ అవుతుంది కాబట్టి, మీ 11 శాతంలో దాని వాటా ఎంతో తేలిపోతుంది. ఆ అంకెలు ఇక్కడ పెట్టండి, చూద్దాం.