సమాధానం: 74 ఏళ్ల నాన్నగారి నీరసాన్ని "వయసు" అని వదిలేయొచ్చా?

వదిలేయకండి. మీరు రాసినదాన్ని బట్టి రెండు నెలల కిందట వరకు మెట్లెక్కిన మనిషి ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నారు. వయసు వల్ల వచ్చే మార్పు ఏళ్ల తరబడి మెల్లగా వస్తుందండీ, ఇంత తొందరగా పడిపోతే వెనకాల ఏదో కారణం ఉన్నట్టే, వెతకాలి.

అసలు ప్రపంచ ఆరోగ్య సంస్థే 2015 నివేదికలో వృద్ధాప్యాన్ని ఏళ్లతో కాకుండా మనిషి ఏం చేయగలుగుతున్నాడన్న దాన్నిబట్టి చూడమంది. ఆ తర్వాత వాటిని ఇలా విడగొట్టి చెప్పింది: నడక, జ్ఞాపకశక్తి, చూపు-వినికిడి, మనసు, ఒంట్లో సత్తువ. జబ్బుల జాబితా ఐసీడీ-11లో "ముసలితనం" అని పెట్టబోయి, గొడవయ్యాక ఆ పేరు మార్చారు కూడా. మంచిపనే, లేకపోతే అన్నిటికీ అదే రాసి పంపేసేవాళ్లు.

ఇంట్లో ఒకటి చూడండి. చేతులు ఛాతీకి కట్టుకుని కుర్చీలోంచి వరుసగా 5 సార్లు లేచి కూర్చోమనండి, పక్కనే మీరు నిలబడండి. 14 సెకన్లు దాటితే ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. వేసుకునే మాత్రలన్నీ, ముఖ్యంగా నిద్రమాత్రలు, సంచిలో వేసుకుని వెళ్లండి, సొంతంగా మాత్రం ఏదీ ఆపొద్దు. పడుకున్నప్పుడూ లేచి నిలబడ్డాకా బీపీ చూడమని, థైరాయిడ్, బీ12, రక్తహీనత పరీక్షలు అవసరమా అని మీరే అడగండి. ఈలోపు మాట తడబడినా, ఒక పక్క బలం తగ్గినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.