ఫైర్‌మన్‌కి లెక్కలు నేర్పబోయే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

ఫైర్ స్టేషన్ సిబ్బందికి డేటా మీద శిక్షణ ఇచ్చే పని నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వు పంపిన పాఠాల పట్టిక కూడా చూశాను. మొదటి రోజు ఎక్సెల్, రెండో రోజు డ్యాష్‌బోర్డు, మూడో రోజు మ్యాపులు. బాగానే ఉంది. కానీ వాటికి ముందు ఇంకో రోజు పెట్టు నాన్నా. ఆ రోజు కంప్యూటర్ తెరవొద్దు. కాల్స్ అందుకునే వాచ్‌రూమ్‌లోంచి పాత కాల్ రిజిస్టర్ తెప్పించి బల్ల మీద పెట్టు.

ఎందుకో చెప్పాలంటే నేను చేసిన తప్పొకటి చెప్పాలి.

నేను ఇన్‌చార్జిగా ఉన్న ఒక స్టేషన్‌కీ అవతలి పల్లెలకీ మధ్య రైల్వే గేటు ఉండేది. మే నెల, గడ్డివాములు అంటుకునే రోజులు. మిట్టమధ్యాహ్నం కాల్ వచ్చేది. సైరన్ మోగించుకుంటూ వెళ్లి గేటు ముందు ఆగేవాళ్లం. గూడ్సు పోయాక ఎదురుబండి వస్తోందని గేటు ఎత్తేవాళ్లు కాదు. డ్రైవర్ ఇంజన్ ఆపకుండా, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి, అవతల లేస్తున్న పొగ వంకే చూస్తూ ఉండేవాడు. ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. అలా పది నిమిషాలు పోయేవి. తిరిగొచ్చాక చేరిన టైము రాసేటప్పుడు మాత్రం ఆ పది నిమిషాలూ కలిపేవాళ్లం కాదు. ఆలస్యమెందుకైందని పైనుంచి మెమో వస్తుందని భయం. 2.31కి చేరితే 2.20 అని రాయించాను. నాకు ముందున్నవాళ్లూ అదే చేశారు, తర్వాత వచ్చినవాళ్లూ అదే చేశారు. కొన్నేళ్లకు గేటు అవతల ఒక బండి పెట్టించమని ఆ పల్లెలవాళ్లు అర్జీ పెట్టుకున్నారు. ఆలస్యమవుతోందని రుజువు చూపమన్నారు పైవాళ్లు. రిజిస్టర్లన్నీ దింపి చూశాం. ఒక్క పేజీలోనూ ఆలస్యం లేదు. ఆ జనానికి పనికొచ్చే ఒకే ఒక్క సాక్ష్యాన్ని మా చేతిరాతతో మేమే తుడిచేశాం. అర్జీ అక్కడితో ఆగిపోయింది. ఇప్పటికీ ఆ ఊరి మీదుగా బస్సు వెళ్తుంటే కిటికీలోంచి చూడలేను.

అందుకని పాఠం మొదలయ్యే ముందే మీ జిల్లా అధికారి చేత అందరి ఎదుటా ఒక మాట చెప్పించు: నిజం టైము రాసినవాడికి మెమో రాదని. ఆ హామీ లేకుండా నువ్వెంత గొప్ప సాఫ్ట్‌వేర్ తెచ్చినా అందులోకి వెళ్లేది నేను రాయించిన 2.20యే.

తర్వాత వాళ్ల చేత చిన్న పని చేయించు. ఏ పేజీ నుంచైనా వరసగా వంద కాల్స్ తీసుకుని, చేరిన టైములో చివరి అంకె ఏమిటో గీతలు గీసి లెక్కపెట్టమను. గడియారం చూసి రాసి ఉంటే 0తోనో 5తోనో ముగిసేవి వందలో ఇరవైకి కాస్త అటూ ఇటూ ఉండాలి. అరవై డెబ్బై వచ్చాయంటే అవి అంచనాతో రాసినవని వేరే చెప్పక్కర్లేదు. నువ్వు నోరు విప్పొద్దు, వాళ్లనే చూసుకోనివ్వు. తన చేతిరాతలో దొరికిన సంగతిని మనిషి మరిచిపోడు. వాచ్‌రూమ్ గడియారం, డ్రైవర్ సెల్‌ఫోన్ పక్కపక్కన పెట్టి తేడా ఎంతుందో కూడా చూపించు. టర్నౌట్, అంటే కాల్ అందాక బండి బయల్దేరడం, ఒక గడియారంతో, చేరిక మరో గడియారంతో రాస్తే బండి బయల్దేరకముందే చేరిపోయినట్టు లెక్క తేలే రోజులుంటాయి.

ఒక్క "రెస్పాన్స్ టైము" అని రాయించి వదిలెయ్యొద్దు. కాల్ అందింది ఎప్పుడు, బండి స్టేషన్ గేటు దాటింది ఎప్పుడు, చేరింది ఎప్పుడు, మంట అదుపులోకి వచ్చింది ఎప్పుడు, నాలుగూ విడివిడిగా ఉండాలి. లండన్ ఫైర్ బ్రిగేడ్ 2009 నుంచి జరిగిన ప్రతి కాల్ వివరాలనూ జనానికి అందుబాటులో పెట్టింది. అందులో టర్నౌట్‌కి పట్టిన సెకన్లు వేరు, దారిలో పట్టిన సెకన్లు వేరు. మొదటిది మన చేతిలో ఉన్నది, డ్రిల్‌తో తగ్గుతుంది. రెండోది రోడ్డు, గేటు, స్టేషన్ ఉన్న చోటు బట్టి ఉంటుంది. రెండూ కలిపేస్తే రోడ్డు చేసిన ఆలస్యానికి ఫైర్‌మన్ మాట పడతాడు.

సగటు గురించి చెప్పేటప్పుడు ఫార్ములాతో మొదలుపెట్టకు. బోర్డు మీద ఏడు కాల్స్ రాయి: 6, 7, 7, 8, 8, 9, 39 నిమిషాలు. సగటు 12. ఈ ఏడింట్లో పన్నెండు నిమిషాలు పట్టిన కాల్ ఒక్కటైనా ఉందా అని అడుగు. వరసలో పెడితే నడిమిది 8. మామూలు రోజున మన పని ఎలా ఉందో అది చెబుతుంది. మరి 39? "అది లంకలోకి వెళ్లిన కాల్ సార్, రేవు దాటాలి" అని వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు అంటారు. ఆ గొంతు కోసమే నువ్వు అంత దూరం వెళ్లి పాఠం చెబుతున్నావు. ఆ కాల్‌ని తీసిపారేయకుండా దాని దగ్గరే ఓ గంట కూర్చో.

కారణం గడి దగ్గర ఇంకా ఓపిక పట్టాలి. ఏమీ తోచకపోతే "షార్ట్ సర్క్యూట్" అని రాసేయడం మనకు అలవాటైపోయింది. కాలిన ఇంట్లో వైరు కరిగి కనిపిస్తుంది, అది మంటకు కారణమా, మంటవల్ల కరిగిందా అని చూసే తీరిక ఉండదు. "తెలియలేదు" అని రాయడం తప్పు కాదని వాళ్లకు గట్టిగా చెప్పు. మంట ఏ గదిలో పుట్టింది, మొదట అంటుకున్న వస్తువేమిటి, ఎవరు చూశారు, ఈ మూడూ రాస్తే చాలు, కారణం తర్వాతైనా తేలుతుంది. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచి 8 మంది పోయారు. ఆ పొగ మెట్ల దారినే పైకి ఎక్కింది. ఇలాంటి ప్రమాదాన్నీ, ఇంట్లో ఫ్యాన్ వైరు కాలినదాన్నీ "విద్యుత్" అనే ఒకే గడిలో పడేస్తే, బ్యాటరీల ప్రమాదాలు పెరుగుతున్నాయో లేదో పదేళ్ల తర్వాత కూడా ఎవరికీ తెలియదు.

నష్టం, కాపాడిన ఆస్తి అని రెండు గడులున్నాయి కదా, వాటిని కొలతలుగా చూడొద్దని మాత్రం చెప్పు. పూరిల్లు కాలిన మనిషి చేతికి సాయం అందడానికి మన కాగితం కావాలి, గోడౌన్ యజమానికి బీమా కోసం కావాలి. డబ్బుతో ముడిపడ్డ అంకె ఎటు ఒరుగుతుందో వాళ్లకు నీకంటే బాగా తెలుసు.

అడ్రసుల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. "రామాలయం వెనక", "చెరువు గట్టు దగ్గర" అని రాస్తే డ్రైవర్‌కి చాలు, మ్యాపుకి చాలదు. అమెరికాలో అట్లాంటా అగ్నిమాపక శాఖ జార్జియా టెక్ యూనివర్సిటీ విద్యార్థులతో కలిసి, ఏ భవనానికి మంటల ముప్పు ఎంతో స్కోరు కట్టే ఫైర్‌బర్డ్ అనే పని చేసింది, 2016లో దాని మీద పరిశోధన పత్రం వేశారు. పాత ప్రమాదాల రికార్డుల్నీ, వ్యాపార లైసెన్సుల్నీ, భవనాల వివరాల్నీ ఒక చోటికి చేర్చారు. ఒకే భవనం ఒక్కో చోట ఒక్కో రకంగా రాసి ఉంటే కలపడం ఎంత కష్టమో పాత డోర్ నంబరు, కొత్త డోర్ నంబరు రెండూ ఉన్న మన వీధులు చూసినవాడికి చెప్పక్కర్లేదు. ఆ కష్టం పడ్డాకే తనిఖీ చేయదగ్గ భవనాలు మరో 6,096 ఉన్నాయని బయటపడింది. మంటలు లేచిన భవనాల్లో 71 శాతం దాకా ముందే గుర్తించగలిగారట. ఈ 71 చెప్పి ఆగిపోకు. మిగతా 29 సంగతేమిటని సిబ్బంది చేత అడిగించు. స్కోరు తక్కువ వచ్చిందని ఆ భవనం వైపు వెళ్లడం మానేస్తే ఏమవుతుందో వాళ్లే చెబుతారు.

న్యూయార్క్ కథ కూడా చెప్పు. 1970ల మొదట్లో ర్యాండ్ అనే పరిశోధనా సంస్థ నిపుణులు అక్కడి ఫైర్ సర్వీసుకి లెక్కలు కట్టారు. ప్రధానంగా చూసింది బండి చేరే టైము. ఆ లెక్కల ఆసరాతో నగరం కొన్ని ఫైర్ కంపెనీలను, అంటే బండీ దాని సిబ్బందీ కలిసిన దళాలను, మూసేసింది, వాటిలో మంటలు ఎక్కువగా లేచే సౌత్ బ్రాంక్స్ లాంటి పేదల పేటలవీ ఉన్నాయి. అక్కడ బండి ఎప్పుడూ ఇంకో మంట దగ్గరే ఉండేదనీ, కాల్ వచ్చేసరికి స్టేషన్‌లో ఖాళీగా ఉన్నట్టు లెక్కేయడం కుదరదనీ తర్వాత గట్టి విమర్శలు వచ్చాయి. బండి మీద పనిచేసినవాడు ఆ గదిలో కూర్చుని ఆ ప్రశ్న అడిగి ఉంటే! మనవాళ్లకు లెక్కలు నేర్పమనేది అలాంటి గదిలో కూర్చోవడానికే.

కాల్స్ తక్కువ వచ్చిన మండలంలో మంటలు తక్కువని అనుకోనివ్వకు. సిగ్నల్ లేని గూడెంలో 101కి గానీ 112కి గానీ ఫోన్ ఎలా చేస్తారు? ఇల్లు కాలిపోయాక వీఆర్వోకి చెబుతారు, మన రిజిస్టర్‌కి ఎక్కదు. రెవెన్యూవాళ్ల దగ్గరున్న జాబితాతో మన జాబితాని ఒక్కసారి పోల్చి చూపించు.

ఈ క్లాసులు ఏప్రిల్, మే నెలల్లో పెట్టకు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పేలుడికి బలైన మనవాళ్లను తలుచుకునే వారోత్సవాలు అప్పుడే, కాల్స్ ఎక్కువుండేదీ అప్పుడే. వానలు పడ్డాక పెట్టు. రోజుకి ముప్పావు గంట, పొద్దున డ్రిల్ అయ్యాక, చెమట ఆరేలోపు. లీడింగ్ ఫైర్‌మన్లలో నీకంటే పదిహేనేళ్లు పెద్దవాళ్లుంటారు. గారు అని పిలువు, ఆయన చెప్పిన సంగతిని ఆయన పేరుతోనే బోర్డు మీద రాయి. స్టేషన్ల నుంచి అంకెలు తీసుకున్నావంటే నెల తిరిగేలోపు వాటితో ఏం తేలిందో కాగితం మీద ఆ స్టేషన్‌కే పంపు. ముప్పై నాలుగేళ్లలో నేను పైకి పంపిన రిటర్నుల్లో, అంటే లెక్కల నివేదికల్లో, ఒక్కదానికీ జవాబు రాలేదు. జవాబు రాని ఉత్తరాన్ని ఎవరూ శ్రద్ధగా రాయరు.

ఇంకొకటి, ఇది నా మనసులో బరువుగా ఉన్నది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఐఏఆర్‌సీ అగ్నిమాపక వృత్తినే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే మనుషులకు క్యాన్సర్ తెస్తాయని రుజువైనవాటిలో, చేర్చింది. నాతో పాతికేళ్లు బ్రాంచ్ (నీళ్ల గొట్టం మూతి) పట్టిన మనిషి ఊపిరితిత్తుల జబ్బుతో మంచాన పడ్డాడు. ఏ మంటలో ఎంతసేపు ఉన్నావు, మాస్కు ఉందా, ఏం కాలింది అని డాక్టర్ అడిగితే చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. పోయిన ఆస్తి విలువ రూపాయలతో సహా రాశాం, ఆయన పీల్చిన పొగ ఎక్కడా రాయలేదు. ఒక్కొక్కరికీ ఒక చిన్న నోటుబుక్కు ఇవ్వు. తేదీ, కాలిన సరుకు, లోపల గడిపిన నిమిషాలు, మాస్కు వేసుకున్నాడో లేదో. అది ఎవరికీ సమర్పించక్కర్లేదు, ఇంటికి తీసుకెళ్లి దాచుకోమను. రాయడం అక్కడ అలవాటైతే స్టేషన్ రిజిస్టర్ దానంతటదే బాగుపడుతుంది.

మొదటి రోజు పాఠానికి ఏ రిజిస్టర్ తేవాలా అని వెతుక్కోకు. నేను చెప్పిన గేటు స్టేషన్ ఏదో మీ అమ్మకి తెలుసు. పాత పుస్తకాలు రికార్డు రూములో ఇంకా ఉంటే నా సంతకం ఉన్న మే నెల పేజీలే తీసి చూపించు. పేరు దాచొద్దు.

ఇట్లు,
మీ మామయ్య